బాస్కెట్‌బాల్‌లో ఆల్‌టైమ్ బెస్ట్ డిఫెండర్ ఎవరు? వాదన ఎందుకు తేలడం లేదు?

క్లుప్తంగా: అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ చరిత్రలో అందరికన్నా గొప్ప డిఫెండర్ ఎవరన్న చర్చ ఏటా కొత్తగా మొదలవుతోంది. అది తేలకపోవడానికి అభిమానుల పంతం ఒక్కటే కారణం కాదు. బ్లాకులు (ప్రత్యర్థి షాట్‌ను గాలిలోనే ఆపడం), స్టీల్స్ (ప్రత్యర్థి నుంచి బంతి లాక్కోవడం) లెక్కపెట్టడం 1973-74లో గానీ మొదలు కాలేదు. రూల్స్ చాలాసార్లు మారాయి. డిఫెన్స్‌లో పెద్ద భాగం అసలు ఏ లెక్కలోకీ రాదు. జట్టు తలరాతను ఎక్కువగా మార్చింది ఎవరని అడిగితే ఆధారాలు 1956-69 మధ్య బోస్టన్‌కు ఆడిన బిల్ రస్సెల్ వైపు మొగ్గుతాయి. ఏ కాలంలోనైనా నిలబడగల నైపుణ్యం ఎవరిదని అడిగితే హ్యూస్టన్ ఆటగాడు హకీమ్ ఒలాజువాన్ పేరు ముందుకొస్తుంది.

అవార్డుల లెక్కతో తేలదా?

ఎన్‌బీఏలో డిఫెన్స్‌కు ప్రత్యేకంగా ‘డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ద ఇయర్’ అవార్డు ఉంది. 2024లో మినసోటా జట్టు సెంటర్ (బాస్కెట్ దగ్గర ఆడే పొడగరి) రూడీ గోబేర్ దాన్ని నాలుగోసారి అందుకుని డికెంబే ముటొంబో, బెన్ వాలెస్‌ల రికార్డును సమం చేశాడు. అవార్డులే కొలమానమైతే ఈ ముగ్గురిలో ఒకరి పేరు ఖాయం కావాలి. కానీ ఆటను లోతుగా చూసేవాళ్లలో ఎక్కువమంది మొదట చెప్పే పేరు వీళ్లలో ఎవరిదీ కాదు. వాళ్లు చెప్పే రస్సెల్ ఖాతాలో ఈ అవార్డు ఒక్కటి కూడా లేదు. ఉండే అవకాశమే లేదు. అవార్డు 1982-83లో మొదలైతే ఆయన 1969లోనే ఆట మానేశాడు.

ఇంకో వింత టిమ్ డంకన్‌ది. సీజన్ చివర ప్రకటించే ఆల్-డిఫెన్సివ్ జట్లలో 15 సార్లు చోటు సంపాదించాడు. ఇంతవరకూ అదే రికార్డు. అయినా ‘ఈ ఏటి మేటి డిఫెండర్’ అని ఒక్కసారి కూడా అనిపించుకోలేదు. పదిసార్లు ఆ జట్లలో ఉన్న స్కాటీ పిప్పెన్ పరిస్థితీ అంతే. 2012లో టైసన్ చాండ్లర్, 2013లో మార్క్ గసోల్ విషయంలో మరీ విడ్డూరం జరిగింది. విలేకరుల ఓట్లతో ఇద్దరూ లీగ్ మొత్తానికీ మేటి డిఫెండర్లయ్యారు. అప్పట్లో ఆల్-డిఫెన్సివ్ జట్లను ఎంపిక చేసే కోచ్‌లు మాత్రం ఇద్దరినీ రెండో జట్టులో వేశారు. ఒకే సీజన్, అవే మ్యాచ్‌లు, తీర్పులు రెండు. ఒక్క ఏడాది ఆటపైనే నిపుణులకు ఏకాభిప్రాయం కుదరనప్పుడు ఏడు దశాబ్దాల చరిత్రపై కుదరకపోవడంలో ఆశ్చర్యం లేదు.

కంటికి కనిపించేది, కాగితం మీదకు ఎక్కేది

పాయింట్లు, అసిస్టులు జరిగిన పనులు కాబట్టి లెక్కకు అందుతాయి. డిఫెన్స్ ఉద్దేశమే జరగబోయేదాన్ని ఆపడం. క్రికెట్ చూసేవాళ్లకు ఇది తెలిసిందే: జడేజా చేతికి బంతి వెళ్లినప్పుడు బ్యాటర్లు రెండో పరుగుకు వెళ్లరు, స్కోరుకార్డు మాత్రం ఆ మిగిలిన పరుగును ఎక్కడా రాయదు. బాస్కెట్‌బాల్‌లోనూ అంతే. పొడగరి సెంటర్ బాస్కెట్ కింద నిలబడి ఉన్నాడని గార్డు (బయటి నుంచి బంతి నడిపే ఆటగాడు) లోపలికి దూసుకురాకుండా బంతిని వెనక్కి పాస్ చేస్తే, డిఫెన్స్ తన పని పూర్తి చేసినట్టే. రికార్డులో మాత్రం ఏమీ ఉండదు.

రికార్డులో ఉన్నవి కూడా ఒక్కోసారి తప్పుదోవ పట్టిస్తాయి. అలెన్ ఐవర్సన్ 2001 నుంచి 2003 వరకు వరుసగా మూడేళ్లు సగటు స్టీల్స్‌లో లీగ్‌లోనే మొదటివాడు. ఆల్-డిఫెన్సివ్ జట్టులో మాత్రం ఎన్నడూ లేడు. స్టీల్ కోసం పాస్ దారిలోకి దూకడం జూదం లాంటిది. దొరికితే అటువైపు ఖాళీ కోర్టులో తేలిక పాయింట్లు, తప్పితే వెనక అయిదుగురిని నలుగురు కాచుకోవాలి. దొరికినది రాసుకుంటారు, తప్పినది రాసుకోరు. బ్లాకులదీ అదే దారి. ప్రతి షాట్‌కూ ఎగిరే సెంటర్‌కు బ్లాకులు పెరుగుతాయి. ఎగిరి దొరకనప్పుడు అతడు వదిలేసిన చోట ప్రత్యర్థి రీబౌండ్, అంటే పడకుండా తిరిగొచ్చిన బంతి, తీసుకుని మళ్లీ వేస్తాడు.

పైగా ఆ లెక్కలు రాసేది మనుషులే. మైకేల్ జోర్డాన్ 1987-88లో 259 స్టీల్స్, 131 బ్లాకులతో అవార్డు గెలిచాడు. అదే ఏడాది ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అవార్డు, సగటు పాయింట్లలో అగ్రస్థానం కూడా అతడివే. అయితే ఆ సీజన్‌లో అతడి స్టీల్స్ సొంత గడ్డపై ఎక్కువగా, బయటి మైదానాల్లో బాగా తక్కువగా ఉన్నాయని 2024లో వచ్చిన ఒక కథనం లెక్కలతో చూపించింది. హోం జట్టు స్కోరర్లు కాస్త ఉదారంగా రాసేవారన్న అనుమానం అప్పటి చాలామంది ఆటగాళ్ల విషయంలో ఉన్నదే. జోర్డాన్ గొప్ప డిఫెండర్ కాడని దీనర్థం కాదు. తొమ్మిదిసార్లు ఆల్-డిఫెన్సివ్ మొదటి జట్టులో ఉన్నవాడి గురించి అలా అనలేం. బాక్స్ స్కోరు (మ్యాచ్ గణాంకాల పట్టిక) అంకెను దశాంశ స్థానం దాకా నమ్మి వాదించుకోవడంలో అర్థం లేదనే దీని తాత్పర్యం.

గార్డుల పేర్లు ఎందుకు వెనకబడతాయి?

ఈ అవార్డు మొదటి ఆరేళ్లలో అయిదుసార్లు బయట కాపలా కాసే ఆటగాళ్లకే వచ్చింది. సిడ్నీ మాంక్రీఫ్ రెండుసార్లు, ఆల్విన్ రాబర్ట్‌సన్, మైకేల్ కూపర్, జోర్డాన్ ఒక్కోసారి గెలిచారు. ఆ తర్వాత గాలి మారింది. 1989 నుంచి 2025 వరకు గెలిచిన గార్డులు ఇద్దరే: 1996లో గ్యారీ పేటన్, 2022లో మార్కస్ స్మార్ట్.

దీని వెనక ఉన్న లెక్క సులువైనది. బాస్కెట్ పక్కన వేసే షాట్లు నూటికి అరవైకి పైగానే పడతాయి. ఒక్కోటి రెండు పాయింట్లు కాబట్టి ప్రతి ప్రయత్నానికి సగటున 1.2 నుంచి 1.3 పాయింట్లు. మధ్య దూరం నుంచి వేసేవి నలభై శాతం పడితే 0.8 మాత్రమే. మూడు పాయింట్ల షాట్ 36 శాతం పడినా 1.08. కాబట్టి అన్నింటికన్నా ఖరీదైన స్థలం బాస్కెట్ చుట్టూ ఉన్న ఆ నాలుగడుగులే. దాన్ని కాపాడేవాడు తనకు అప్పగించిన ఒక్కడినే కాదు, అయిదుగురు ప్రత్యర్థులనూ ఆపుతున్నట్టు లెక్క.

గార్డు ఎంత మొనగాడైనా అతడి ప్రభావం ప్రధానంగా ఒక్క మనిషి మీదే ఉంటుంది. ఆ ఒక్కడి నుంచి అతణ్ని విడదీయడం కూడా కష్టం కాదు. ప్రత్యర్థి జట్టులో ఒకడు వచ్చి స్క్రీన్ పెడతాడు, అంటే దారికి అడ్డంగా నిలబడతాడు. డిఫెండర్లు మనుషులను మార్చుకోక తప్పదు. పేటన్ లాంటివాడు మీద ఉన్నాడని తెలిస్తే బంతిని ఇంకొకడి చేతిలో పెట్టేస్తారు. బాస్కెట్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది, దాని కాపలాదారును తప్పించుకుని వెళ్లే దారులు తక్కువ. 2004-05 నుంచి రిఫరీలు హ్యాండ్ చెకింగ్‌పై కఠినంగా ఉండటంతో, అంటే బంతి ఉన్నవాడిని చేత్తో అదిమి ఆపడాన్ని వెంటనే ఫౌల్ అనడంతో, గార్డుల పని ఇంకా కష్టమైంది.

రస్సెల్: అంకెలు లేని సాక్ష్యం

బిల్ రస్సెల్ 1956 డిసెంబర్‌లో బోస్టన్ సెల్టిక్స్‌లో చేరాడు. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అమెరికాకు ఆడి స్వర్ణం గెలిచి రావడంతో సీజన్ మొదటి మ్యాచ్‌లు ఆడలేకపోయాడు. అంతకుముందు సెల్టిక్స్ ఒక్కసారి కూడా చాంపియన్ కాలేదు. ఆయన ఉన్న 13 సీజన్లలో 11 టైటిళ్లు గెలిచింది. చివరి రెండూ ఆయనే కోచ్‌గా, ఆటగాడిగా రెండు బాధ్యతలూ మోస్తూ సాధించినవి.

టైటిళ్లు జట్టువి కదా అన్నది న్యాయమైన ప్రశ్న. ఆ జట్టులో బాబ్ కూజీ, సామ్ జోన్స్, జాన్ హావ్లిచెక్ వంటి హేమాహేమీలు ఉన్నారు. కానీ ఆ టైటిళ్లు ఎలా వచ్చాయో చూస్తే రస్సెల్ వాదనకు బలం వస్తుంది. పొజెషన్ల (ఒక జట్టు చేతికి బంతి వచ్చిన ప్రతి వంతు) లెక్కన తర్వాతి కాలం విశ్లేషకులు వేసిన అంచనాల్లో సెల్టిక్స్ అటాక్ చాలా సీజన్లలో సగటు జట్టు స్థాయిలోనో అంతకన్నా కిందో ఉంది. డిఫెన్స్ మాత్రం దాదాపు ప్రతి ఏడూ లీగ్‌లో మొదటి స్థానమే. 1963-64లో అయితే 100 పొజెషన్లకు లీగ్ సగటు కన్నా పదికి అటూఇటూ పాయింట్లు తక్కువ ఇచ్చిందని అంచనా. అంత తేడా చూపిన జట్లు చరిత్రలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

మ్యాచ్‌కు ఇచ్చిన పాయింట్లు చూసి పోల్చేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. 1961-62లో సెల్టిక్స్ మ్యాచ్‌కు సగటున 110కి పైగా పాయింట్లు ఇచ్చింది. 2003-04లో వాలెస్ ఉన్న డెట్రాయిట్ పిస్టన్స్ ఇచ్చింది 84.3 మాత్రమే. పైకి పోలికే లేదు. కానీ 1961-62లో జట్లు మ్యాచ్‌కు వందకు పైగా షాట్లు వేసేవి, లీగ్ సగటు స్కోరు 119 దరిదాపుల్లో ఉండేది. 2003-04లో ఆట నెమ్మదించి సగటు 93కు పడిపోయింది. రెండు జట్లనూ వాటి కాలపు సగటుతో పోల్చాలి తప్ప ఒకదాని పక్కన ఒకటి పెట్టి కాదు.

రస్సెల్ పద్ధతి కూడా వేరు. షాట్‌ను బలంగా కొట్టి గ్యాలరీలోకి పంపితే చప్పట్లు వస్తాయి, బంతి మాత్రం మళ్లీ ప్రత్యర్థికే వెళుతుంది. ఆయన బంతిని మెత్తగా తాకి కోర్టులోనే, వీలైతే తన సహచరుడి వైపు పడేలా చేసేవాడు. అక్కడి నుంచి కూజీ పరుగు అందుకునేవాడు. అంటే ఒక్క బ్లాక్ ప్రత్యర్థి పాయింట్లను ఆపి, తన జట్టుకు పాయింట్ల దారి తెరిచేది. ఇప్పటి బాక్స్ స్కోరులో ఈ రెండు రకాల బ్లాకులకూ ఒకటే విలువ.

1957 ఫైనల్ ఏడో మ్యాచ్‌లో సెయింట్ లూయిస్ ఆటగాడు జాక్ కోల్‌మన్ ఒంటరిగా బాస్కెట్ వైపు పరుగెత్తితే, రస్సెల్ అవతలి చివర నుంచి వెంటాడి ఆ షాట్‌ను ఆపాడు. మ్యాచ్ రెండు ఓవర్‌టైమ్‌ల దాకా వెళ్లి బోస్టన్ 125-123తో గెలిచింది. తర్వాత విల్ట్ చాంబర్లేన్ వచ్చాడు. 1961-62లో మ్యాచ్‌కు 50.4 పాయింట్లు చేసిన మహాబలుడు. ఇద్దరూ ప్లేఆఫ్స్‌లో ఎనిమిది సిరీస్‌ల్లో తలపడితే ఏడు రస్సెల్ జట్టువే.

ఇక ఆయన వెళ్లిపోయాక ఏమైంది? 1968-69లో 48 గెలిచి 34 ఓడిన సెల్టిక్స్, మరుసటి ఏడాది 34 గెలిచి 48 ఓడింది. అంకెలు సరిగ్గా తలకిందులయ్యాయి. అదే వేసవిలో సామ్ జోన్స్ కూడా రిటైరయ్యాడు కాబట్టి మొత్తం తేడాను ఒక్కరి ఖాతాలో వేయడం కుదరదు. అప్పటికి 35 ఏళ్ల వయసున్న సెంటర్ వెళ్లిపోతే ఇంత కుప్పకూలడం మాత్రం మామూలు విషయం కాదు.

ఆయనకు వ్యతిరేకంగా వినిపించే వాదనలూ తేలిగ్గా తీసిపారేసేవి కావు. 1956లో లీగ్‌లో ఉన్నవి ఎనిమిది జట్లే. షాట్లలో పడినవి నూటికి 38 మాత్రమే. అమెరికా బయటి నుంచి వచ్చే ప్రతిభ లేదు. నల్లజాతి ఆటగాళ్ల విషయంలో జట్లు చాటుమాటుగా పరిమితులు పాటించిన కాలం అది. మూడు పాయింట్ల గీత అసలే లేదు. దూరం నుంచి వేసినా రెండే పాయింట్లు కాబట్టి అందరూ లోపలికే వచ్చేవారు. బాస్కెట్ దగ్గరి మనిషికి ఇంతకన్నా అనుకూలమైన కాలం ఉండదు.

ఒలాజువాన్: రెండు పనులూ చేసినవాడు

నైజీరియాలోని లాగోస్‌లో హ్యాండ్‌బాల్, ఫుట్‌బాల్ గోల్‌కీపింగ్‌తో పెరిగిన హకీమ్ ఒలాజువాన్ బాస్కెట్‌బాల్‌కు ఆలస్యంగా వచ్చాడు. ఆ పాదాల చురుకే అతడిని మిగతా సెంటర్ల నుంచి వేరు చేసింది. 3,830 బ్లాకులతో లెక్కలు మొదలైన తర్వాతి చరిత్రలో అతడిదే రికార్డు. అతడి ఖాతాలో 2,162 స్టీల్స్ కూడా ఉన్నాయి. రెండింట్లోనూ రెండు వేలు దాటినవాడు ఇంకొకడు లేడు. ఏడడుగుల సెంటర్లు స్టీల్స్‌లో గార్డులతో పోటీపడటం అరుదు. అవి పాస్ దారిని ముందే పసిగట్టే చూపుకు, కింద బంతి దాకా వంగి చెయ్యి చాచగల నడుముకు సాక్ష్యం.

1994 ఫైనల్ ఆరో మ్యాచ్ చివరి క్షణాల్లో హ్యూస్టన్ 86-84తో ముందుంది. న్యూయార్క్ గార్డు జాన్ స్టార్క్స్ మూడు పాయింట్ల షాట్ వేశాడు. పడితే టైటిల్ న్యూయార్క్‌దే. ఒలాజువాన్ బయటి గీత దాకా వచ్చి వేలికొసలతో దాన్ని తాకాడు. ఏడో మ్యాచ్ కూడా హ్యూస్టన్ గెలిచింది. ఆ సీజన్‌లో ఎంవీపీ, మేటి డిఫెండర్, ఫైనల్స్ ఎంవీపీ మూడూ అతడికే దక్కాయి. ఒకే ఏడాదిలో ఆ మూడూ అందుకున్నది అతడొక్కడే.

ఆ ఒక్క బ్లాక్‌ను ఇప్పటి కళ్లతో చూస్తే దాని విలువ ఇంకా పెరుగుతుంది. సెంటర్ బయటికి వచ్చి గార్డును కాయడం ఈ రోజుల్లో ప్రతి రాత్రీ జరిగే పరీక్ష. ఆ పరీక్ష రాయాల్సిన అవసరం అంతగా లేని కాలంలోనే అతడు అందులో పాసయ్యాడు.

మైదానమే మారిపోయినప్పుడు

జోన్ డిఫెన్స్‌ను, అంటే మనిషికి బదులు స్థలాన్ని కాయడాన్ని, ఎన్‌బీఏ 2001-02లో గానీ అనుమతించలేదు. అంతకుముందు డిఫెండర్ ఎవరో ఒక ప్రత్యర్థిని అంటిపెట్టుకోవాలి, లేదా బంతి ఉన్నవాడిపైకి ఇద్దరుగా వెళ్లాలి. అటాక్ చేసే జట్టు దీన్ని వాడుకుని తమ పొడగరులను కోర్టుకు అటు చివర నిలబెడితే ప్రత్యర్థి సెంటర్ కూడా వాళ్లతో పోవాల్సి వచ్చేది. కొత్త రూల్ ఆ బంధనం తీసేసింది. దానితోపాటే ఇంకో గొళ్లెం పెట్టింది: పక్కన ఎవరినీ కాయకుండా బాస్కెట్ ముందరి పెయింట్ ప్రాంతంలో మూడు సెకన్లకు మించి ఉంటే టెక్నికల్ ఫౌల్. ఇప్పటి సెంటర్లు లోపలికీ బయటికీ అడుగులు వేస్తూ ఉండటం అందుకే.

అసలు భూకంపం మూడు పాయింట్ల షాట్. 1979-80లో ఆ గీత వచ్చినప్పుడు ఒక జట్టు మ్యాచ్‌కు మూడు కన్నా తక్కువే వేసేది. 2024-25లో ఆ సంఖ్య 37 దాటింది. కాపాడాల్సిన స్థలం అంతమేర పెరిగింది. 2021 ప్లేఆఫ్స్‌లో యూటాకు ఎదురైనది ఇదే. మూడోసారి మేటి డిఫెండర్‌గా ఎంపికైన గోబేర్ ఆ జట్టుకు మూలస్తంభం. లాస్ ఏంజెలిస్ క్లిప్పర్స్ సంప్రదాయ సెంటర్‌ను పక్కనపెట్టి అయిదుగురు షూటర్లతో దిగింది. గోబేర్ లోపల సహాయానికి వెళితే మూలలో అతడి మనిషి ఖాళీ, మూలకు వెళితే బాస్కెట్ ఖాళీ. ఆరో మ్యాచ్‌లో టెరన్స్ మాన్ 39 పాయింట్లు చేశాడు, సిరీస్ ముగిసింది. తప్పంతా గోబేర్ నెత్తిన వేయడం అన్యాయమే, ఎందుకంటే యూటా గార్డులు తమ మనుషులను ఆపలేకపోవడం వల్లే అతడు ప్రతిసారీ మూల వదలాల్సి వచ్చింది. అయినా ఆ రాత్రి అతడి పేరుకు అంటుకుపోయింది.

ఈ మార్పుకు సరిపడిన డిఫెండర్‌గా డ్రేమండ్ గ్రీన్ పేరు చెబుతారు. ఆరడుగుల ఆరంగుళాల మనిషి సెంటర్ స్థానంలో ఆడుతూ గార్డుల నుంచి పొడగరుల దాకా ఎవరినైనా కాయగలగడం వల్లే గోల్డెన్ స్టేట్ ‘అందరినీ స్విచ్ చేసే’, అంటే స్క్రీన్ వచ్చినప్పుడల్లా మనుషులను మార్చుకునే, పద్ధతిని నమ్ముకోగలిగింది. అతడికి ముందు ఆ పనిని డెనిస్ రాడ్‌మన్, ఆ తర్వాత ఇంకా పెద్ద శరీరంతో కెవిన్ గార్నెట్ చేశారు. గార్నెట్ 2007లో బోస్టన్‌కు వచ్చాక ఆ జట్టు 24 విజయాల నుంచి 66కు ఎగబాకి, లీగ్‌లోనే మేటి డిఫెన్స్‌తో టైటిల్ గెలిచింది. రే అలెన్ కూడా అదే వేసవిలో వచ్చాడు గానీ డిఫెన్స్‌ను మార్చింది ప్రధానంగా గార్నెటే. రస్సెల్, ఒలాజువాన్‌ల తర్వాత మూడో కుర్చీ ఎవరిదన్న ప్రశ్నకు బలమైన జవాబు అతడే అనిపిస్తుంది. అవార్డు ఒక్కసారే వచ్చిందన్న లెక్క ఇక్కడ పెద్దగా పనికిరాదు.

‘ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్’ అని చెప్పి పురుషుల లీగ్ దగ్గరే ఆగిపోవడం ఈ చర్చలో ఉన్న మరో లోపం. మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో ఇండియానా ఫార్వర్డ్ టమీకా క్యాచింగ్స్ మేటి డిఫెండర్ అవార్డును అయిదుసార్లు గెలిచింది. లీగ్ చరిత్రలో స్టీల్స్ రికార్డు, 1,074, ఆమెదే. సెంటర్ కాని ఒక క్రీడాకారిణి ఇంతటి ఆధిపత్యం చూపడం పైన చెప్పిన గార్డుల సూత్రానికి మినహాయింపు కూడా.

కెమెరాల తర్వాత

2013-14 నుంచి ఎన్‌బీఏ మైదానాలన్నింటిలో ఆటగాళ్ల ప్రతి కదలికనూ కెమెరాలు నమోదు చేస్తున్నాయి. ఒక డిఫెండర్ దగ్గరగా ఉన్నప్పుడు బాస్కెట్ వద్ద ప్రత్యర్థుల షూటింగ్ ఎంత తగ్గింది, అతడు కోర్టులో ఉంటే అసలు ఎంతమంది లోపలికి రావడం మానేశారు అన్నవి ఇప్పుడు లెక్కకు అందుతున్నాయి. వేయని షాట్‌ను కూడా కొంతవరకు కొలవవచ్చు. రస్సెల్ విషయంలో ఆ అవకాశం లేదు. ఆయన ఆడిన మ్యాచ్‌ల పూర్తి ఫిల్ములు మిగిలినవే తక్కువ. ఒలాజువాన్‌కు వీడియో ఉంది, ట్రాకింగ్ లేదు.

కొత్త కొలతలతో మొదటి రోజు నుంచీ ముడిపడి ఉన్నవాడు విక్టర్ వెంబన్యామా. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఈ శాన్ ఆంటోనియో ఆటగాడు 2023-24లో తొలి సీజన్‌లోనే ఆల్-డిఫెన్సివ్ మొదటి జట్టుకు ఎంపికయ్యాడు. రూకీకి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. అవార్డు ఓటింగ్‌లో గోబేర్ తర్వాత రెండో స్థానం. మరుసటి ఏడాది మ్యాచ్‌కు 3.8 బ్లాకులతో లీగ్‌లో ముందున్నా, భుజంలో రక్తం గడ్డకట్టడంతో 46 మ్యాచ్‌లకే సీజన్ ముగిసింది. ప్రధాన అవార్డులకు కనీసం 65 మ్యాచ్‌లు ఆడాలన్న, 2023-24లో వచ్చిన రూల్ వల్ల పోటీలోనే లేకుండా పోయాడు. 2025లో అవార్డు క్లీవ్‌లాండ్‌కు చెందిన ఇవాన్ మోబ్లీకి వెళ్లింది.

2021లో గోబేర్‌కు ఎదురైన అయిదుగురు షూటర్ల సమస్యకు వెంబన్యామా చేతుల పొడవు ఒక సమాధానం కాగలదా అన్నదే ఇక చూడాల్సింది. మూలలో ఉన్న షూటర్‌కు, బాస్కెట్‌కు మధ్య నిలబడి రెండింటినీ అందుకోగల మనిషి ఉంటే క్లిప్పర్స్ వాడిన ఎత్తు పారదు. అది తేలాల్సింది రెగ్యులర్ సీజన్ సగటుల్లో కాదు. ఒకే ప్రత్యర్థి ఏడు మ్యాచ్‌ల పాటు ఒకే బలహీనతను వెతికి వెతికి కొట్టే ప్లేఆఫ్స్‌లో.